నడిబజార్లో ఉరి తీయల్ల అనే మాట వెనక ఏముంది

పోయిన వారం అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర టీ తాగుతా ఉంటే, పక్క బెంచీ మీద పేపరు చదువుతున్న ఒక పెద్దాయన ఉన్నట్టుండి దాన్ని మడిచి బెంచీ మీద కొట్టి, "ఇట్లాంటోళ్లను ఈన్నే, ఈ గడియారం కింద ఉరి తీయల్ల సామీ, అప్పుడు గానీ మిగిలినోళ్లకు భయం రాదు" అన్నాడు. ఏ వార్త చదివి అన్నాడో ఎవరూ అడగలేదు. ఏదో ఒక నాయకుడి భూమి కబ్జానో, ఇసుకో, కాంట్రాక్టులో కమీషనో అయి ఉంటుంది. టీ కాస్తున్నాయనతో సహా అక్కడున్న నలుగురం తలలూపాం. ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. ఆ పెద్దాయన కోపం నిజమైనదే. కానీ ఆయన అడుగుతున్న మందు అసలు ఆ జబ్బుకు పనిచేస్తుందా అనేది వేరే ప్రశ్న, దాన్నే ఇక్కడ కాస్త విప్పి చూద్దామనుకుంటున్నా.

కోపానికి కారణం ఉందా అంటే ఉంది, లెక్కల్లోనే ఉంది. అభ్యర్థులు నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్లను ఏడీఆర్ అనే సంస్థ ప్రతి ఎన్నికల తర్వాత లెక్కగడుతుంది. 2009లో గెలిచిన లోక్‌సభ సభ్యుల్లో 162 మంది తమ మీద క్రిమినల్ కేసులున్నాయని రాసిచ్చారు. 2014లో 185, 2019లో 233, 2024లో 251. మొత్తం ఉన్నదే 543 మంది. మన రాష్ట్రం సంగతి ఇంకా ఘోరం, 2024లో గెలిచిన 175 మంది ఎమ్మెల్యేల్లో 138 మంది మీద కేసులున్నాయి. ఈ అంకె వెనక ఇంకో కథ కూడా ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తా.

ముందు ఆ "పాత రోజుల్లో అయితేనా" అనే మాట చూద్దాం. మన సీమలో ఈ మాట అనేవాళ్ల మనసులో రెండు మూడు కాలాలు ఉంటాయి. మొదటిది రాయల కాలం. ఆ కాలం శిక్షలు ఎట్లా ఉండేవో 1530ల్లో విజయనగరాన్ని చూసి రాసిన పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాతల్లో ఉంది. ఎంత చిన్న దొంగతనమైనా సరే ఒక కాలూ ఒక చెయ్యీ నరికేసేవాళ్లట. విన్నవాళ్లకు అబ్బా, అట్లుండాల అనిపిస్తుంది. అయితే అదే నూనిజ్, రైతు తాను పండించిన దాంట్లో పదింట తొమ్మిది వంతులు తన ప్రభువుకు కట్టాల్సి వచ్చేదని కూడా రాశాడు. అంటే సంతలో చిన్న వస్తువు ఎత్తుకున్నోడి చెయ్యి పోయింది, పంటలో తొమ్మిది వంతులు ఎత్తుకున్నోడి మాట అడిగేవాడే లేడు. ఇప్పుడు మనం మండిపడుతున్నది ఈ రెండో రకం మనిషి మీదే కదా!

ఆ కాలపు కఠిన న్యాయం గురించి మన జిల్లాలోనే ఒక గోడ ఉంది. లేపాక్షి గుడికి వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, సగంలో ఆగిపోయిన కల్యాణ మండపం దగ్గర గోడ మీద ఎర్రటి మరకలు రెండు. (2022లో జిల్లాలు విడదీశాక లేపాక్షి శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ మాకు ఇంకా మాదే అనిపిస్తుంది.) అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండలో ఖజానా చూసే విరూపణ్ణ ఈ గుడి కట్టించాడని, రాజు అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి పోశాడని ఎవరో రాజు చెవిన వేశారని, కళ్లు పీకమని ఆజ్ఞ అయిందని, ఆ మాట విన్న విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకు కొట్టాడని కథ. చరిత్ర ఎంతో కథ ఎంతో పక్కన పెట్టండి. నేను ఆ గోడ దగ్గర నిలబడినప్పుడు గైడు చెబుతున్నది వింటూ జనం మొహాలు చూశా. ప్రభుత్వ సొమ్ము వాడుకున్నాడన్న ఆరోపణ, వెంటనే శిక్ష. ఈరోజు మనం అడుగుతున్నది సరిగ్గా అదే. కానీ అక్కడ ఒక్కరు కూడా రాజు బాగా చేశాడు అనలేదు. ఒక ముసలామె అయితే ఆ మరక వైపు చెయ్యి చాపి, ముట్టుకోకుండా వెనక్కి తీసుకుని "అయ్యో నాయనా" అంది. ఆయన్ను పిలిచి అడిగారా, లెక్కలు చూశారా అనే ప్రశ్న ఆ కథ విన్న ప్రతివాడి మనసులోకీ తనంతట తానే వస్తుంది. ఐదు వందల ఏళ్లుగా జనం ఆ కథలో శిక్ష పడినవాడి వైపే నిలబడ్డారు.

రెండోది దొరల కాలం. మా పక్క పెద్దవాళ్లకు మన్రో దొర అంటే ఇప్పటికీ గౌరవం. 1800లో నిజాం దత్త మండలాలను (మన సీమ, బళ్లారి ప్రాంతం) ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసినప్పుడు ఇక్కడికి ప్రధాన కలెక్టరుగా వచ్చి ఏడేళ్లు ఊరూరూ తిరిగి శిస్తు లెక్కలు చూసిన మనిషి, తర్వాత మద్రాసు గవర్నరయ్యి 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే ఎంత నమ్మకమో చూడండి. ఆ నమ్మకాన్ని నేను తక్కువ చేయను. కానీ అదే కంపెనీ ఇంకో ఇరవై ఏళ్లకు కోయిలకుంట్లలో ఏం చేసిందో కూడా గుర్తుంచుకోవాలి కదా. 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని జనం చూస్తుండగా ఉరి తీసి, తలను కోట గుమ్మానికి వేలాడదీశారు. 1877 దాకా, ముప్పై ఏళ్ల పాటు అది అక్కడే ఉంది. కంపెనీ కాగితాల ప్రకారం ఆయన హంతకుడు, దోపిడీదారు, తిరుగుబాటుదారు. టీ కొట్టు దగ్గర పెద్దాయన అడిగిన శిక్ష, నడిబజార్లో ఉరి, మన నేల మీద నిజంగా అమలైన సందర్భం అది. ఈరోజు ఓర్వకల్లు విమానాశ్రయానికి పెట్టుకున్నది ఆ ఉరి తీయించుకున్న మనిషి పేరే.

ఎమర్జెన్సీ గురించి కూడా అంటారు, రైళ్లు టైముకు వచ్చాయని, ఆఫీసుల్లో అందరూ సీట్లలో ఉండేవారని. ఆ 21 నెలలు జైళ్లు నిండింది ఎక్కువగా ఎదురు మాట్లాడినవాళ్లతో, అంతకంటే దాని గురించి చెప్పాల్సింది లేదు.

మరి ఇంత స్పష్టంగా ఉన్నా మనకు ఎందుకు ఆ కోరిక పోదు? ఎందుకంటే ఇప్పటి న్యాయం అసలు ఒక కొలిక్కి రావడమే కనబడటం లేదు. మన జిల్లాలోనే జరిగిన ఓబుళాపురం గనుల కేసు చూడండి. డి.హీరేహాళ్ మండలంలో, కర్ణాటక సరిహద్దులో ఇనుప ఖనిజం తవ్వకాలు. సీబీఐ కేసు పెట్టింది 2009 డిసెంబరులో. ప్రధాన నిందితుడు గాలి జనార్దన్ రెడ్డిని అరెస్టు చేసింది 2011 సెప్టెంబరు 5న. మధ్యలో బెయిలు కోసం జడ్జికే డబ్బులిచ్చారన్న ఆరోపణతో 2012లో ఒక జడ్జి సస్పెండ్ అయ్యారు. హైదరాబాద్ సీబీఐ కోర్టు తీర్పు 2025 మే 6న వచ్చింది, ఏడేళ్ల జైలు. రెండు రోజులకు ఆయన కర్ణాటక ఎమ్మెల్యే పదవి పోయింది. జూన్‌లో తెలంగాణ హైకోర్టు శిక్ష అమలును నిలిపి బెయిలిచ్చింది, పదవి తిరిగొచ్చింది, అప్పీలు ఉంది. కేసు పెట్టిన రోజు పుట్టిన బిడ్డ, కింది కోర్టు తీర్పు వచ్చేసరికి టెన్త్ క్లాసులో ఉన్నట్టు లెక్క. ఇందులో ఎక్కడా చట్టం మెత్తగా లేదు. ఏడేళ్ల శిక్ష చిన్నదేం కాదు. పదిహేనేళ్లకు పైగా పట్టిన కాలమే జనాన్ని కాల్చేస్తోంది.

పులివెందులలో మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి హత్య కూడా అంతే. 2019 మార్చి 15న జరిగింది, 2022 నవంబరులో సుప్రీంకోర్టు విచారణను హైదరాబాదుకు మార్చింది. ఎవరు దోషులో కోర్టే తేల్చాలి, నేను ఎవరి వైపూ మాట్లాడను. ఈలోగా రెండు ఎన్నికలు జరిగిపోయాయి, రెండిట్లోనూ ఆ హత్యే ప్రచారం.

చట్టంలో ఏముందో చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం ఓపిగ్గా చెబుతా. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 8 ప్రకారం ఏ నేరంలోనైనా రెండేళ్లు లేదా అంతకన్నా ఎక్కువ శిక్ష పడితే ఆ రోజు నుంచే అనర్హత, జైలు నుంచి విడుదలయ్యాక ఇంకో ఆరేళ్లు పోటీ చేయడానికి లేదు. అవినీతి నిరోధక చట్టం కింద దోషి అయితే రెండేళ్ల లెక్క కూడా అక్కర్లేదు, జరిమానా పడినా చాలు. ఒకప్పుడు పదవిలో ఉన్నవాళ్లకు మూడు నెలల గడువు ఉండేది, ఆలోపు అప్పీలు వేసుకుంటే సీటు భద్రం. 2013 జూలై 10న లిల్లీ థామస్ కేసులో సుప్రీంకోర్టు ఆ వెసులుబాటును కొట్టేసింది. కేసులున్న అభ్యర్థికి టికెట్ ఎందుకిచ్చారో, వేరే మనిషి ఎందుకు దొరకలేదో పార్టీలు కారణం రాసి బయటపెట్టాలని 2020 ఫిబ్రవరిలో చెప్పింది. సభలో ఓటుకు డబ్బు తీసుకున్నా ప్రశ్నించకూడదన్న 1998 నాటి రక్షణను 2024 మార్చి 4న ఏడుగురు జడ్జీల బెంచ్ తీసేసింది. అంటే శిక్షల సంగతిలో మనకు కొత్త కత్తులు అవసరం లేదు, ఉన్నవే చాలా పదును. కానీ వీటిలో చాలావాటికి "దోషి అని తేలాక" అనే ఒక గడప ఉంది. ఆ గడప దాకా కేసు రావడమే లేదు. ఎంపీలు, ఎమ్మెల్యేల మీద (మాజీలతో కలిపి) 2021 డిసెంబరు నాటికి పెండింగ్‌లో ఉన్న కేసులు 4,984 అని సుప్రీంకోర్టుకు ఇచ్చిన నివేదికలో ఉంది, అందులో 1,899 ఐదేళ్లు దాటినవి.

ఎక్కడ ఆగుతాయి? అవినీతి కేసైతే కోర్టు విచారణకు తీసుకోవాలంటేనే ప్రభుత్వ అనుమతి కావాలి, 2018 తర్వాత చాలావాటికి దర్యాప్తు మొదలుపెట్టాలన్నా అనుమతి కావాలి. ఆ అనుమతి ఇవ్వాల్సింది పైనున్నవాళ్లు. తర్వాత హైకోర్టులో స్టే. తర్వాత ప్రభుత్వం మారితే కేసు ఎత్తేస్తూ జీవో, ఇది మన రాష్ట్రంలో అన్ని పార్టీల హయాంలో చూసిందే. 2021 ఆగస్టు 10న సుప్రీంకోర్టు, ప్రజాప్రతినిధుల మీద కేసులు హైకోర్టు అనుమతి లేకుండా ఎత్తేయడానికి వీల్లేదని చెప్పాక కొంచెం అడ్డు పడింది. వీటన్నిటికంటే కింద, ఎవరూ పేపర్లో రాయని చోట, సాక్షి ఉంటాడు.

దీని గురించి నాకు ఇంట్లోనే తెలుసు. మా మేనమామది పామిడి పక్కన ఊరు. రోడ్డు పక్కనున్న ఎకరా ఇరవై సెంట్లలో ఒక నాయకుడి మనుషులు తెల్లారేసరికి జేసీబీ పెట్టి గట్టు తీసేసి రాళ్లు పాతారు, అడ్డం పోయిన మామ చెయ్యి విరిగింది. పదకొండేళ్లయింది. చూసినోడు ఒకడే, గొర్రెలు తోలుకుపోతున్న మనిషి, మొదట పోలీసులకు అంతా చెప్పాడు. కోర్టులో బోనెక్కేసరికి "నాకు చూపు సరిగా ఆనదు సార్, ఎవరో తెలీదు" అన్నాడు. అప్పటికి వాళ్ల పిల్లోడు ఆ నాయకుడి క్రషర్‌లో పనిలో ఉన్నాడు. మామ ఆయన మీద కోపం కూడా తెచ్చుకోలేదు, బయటికొచ్చాక ఇద్దరూ ఒకే చెట్టు కింద కూచున్నారు. మామ దగ్గర ఒక బట్టల షాపు కవరు ఉంటుంది, పాస్‌బుక్కు జిరాక్సులు, ఎక్స్‌రే, వాయిదా తేదీలు రాసుకున్న చీటీలు అన్నీ అందులోనే, చెవులు తెగితే పురికొసతో కట్టుకున్నాడు. ఒకసారి నేను ఆవేశంగా, వాణ్ని ఊరి మధ్యలో కట్టేసి కొట్టాల మామా అంటే, "కొట్టి ఏం జేస్తావ్ రా అల్లుడా. ఇది నీది గాదు, తప్పు జేసినావు అని ఆ జడ్జి నోటితో ఒక్కసారి అనిపించు, నాకదే సాలు" అన్నాడు. నాయకుడి చేతిలో దెబ్బ తిన్న మనిషి అడుగుతున్నది తీర్పు. ఉరి అడుగుతున్నది ఎక్కువగా మనం, చూస్తున్నవాళ్లం.

ఇప్పుడు ఆ 138 సంగతి. అందులో నిజంగా నేరాలు చేసినవాళ్లు ఉన్నారు, ధర్నాలో కూచున్నందుకు కేసు పడినవాళ్లూ ఉన్నారు, అవతలి పార్టీ అధికారంలోకి రాగానే కక్షతో పెట్టిన కేసులూ ఉన్నాయి. మన రాష్ట్రంలో ప్రభుత్వం మారినప్పుడల్లా కేసులు కూడా చేతులు మారతాయి. వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి 2012 మే నుంచి 2013 సెప్టెంబరు దాకా పదహారు నెలలు జైల్లో ఉన్నారు, 2019లో ముఖ్యమంత్రి అయ్యారు. చంద్రబాబు నాయుడును 2023 సెప్టెంబరు 9న ఇక్కడే నంద్యాలలో అరెస్టు చేశారు, 52 రోజులు జైల్లో ఉన్నారు, 2024లో ముఖ్యమంత్రి అయ్యారు. ఒకరి అభిమానులకు ఒకటి న్యాయం, రెండోది కక్ష. అవతలివాళ్లకు సరిగ్గా తలకిందులు. ముప్పై రోజులు జైల్లో ఉంటే మంత్రులూ ముఖ్యమంత్రులూ ప్రధాని కూడా పదవి వదలాలనే 130వ రాజ్యాంగ సవరణ బిల్లును 2025 ఆగస్టులో పార్లమెంటులో పెట్టినప్పుడు నాకు తెలిసినవాళ్లు చాలామంది చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం భయమేసింది. అరెస్టుకు సాక్ష్యం నిలబడాల్సిన పని లేదు, పోలీసులు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు తలుచుకుంటే చాలు. లేపాక్షి కథలో రాజు చెవిన వేసిన మనిషికి ఇప్పుడు చట్టంలోనే చోటిచ్చినట్టవుతుంది.

దిశ ఘటన (హైదరాబాద్ శివార్లలో వెటర్నరీ డాక్టర్ మీద అత్యాచారం, హత్య) తర్వాత కూడా ఇదే చూశాం. 2019 డిసెంబరులో షాద్‌నగర్ దగ్గర నిందితులను ఎన్‌కౌంటర్ చేస్తే పోలీసుల మీద పూలు చల్లారు, తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఆ కాల్పులు చంపాలనే ఉద్దేశంతో చేసినవని తేల్చింది. అదే నెలలో మన అసెంబ్లీ 21 రోజుల్లో తీర్పు అంటూ దిశ బిల్లు పాస్ చేసింది, దానికి రాష్ట్రపతి ఆమోదం రానేలేదు.

పాత రోజుల్లో నిజంగా ఏదీ బాగాలేదా అంటే ఒకటుంది, నాకు అది నిజంగా గుర్తొస్తుంది, దాని కోసం బాధ కూడా పడతా. 1960ల మొదట్లో కర్నూలు జిల్లాలో బస్సు రూట్లను జాతీయం చేశారు. తన రాజకీయ ప్రత్యర్థుల బస్సులున్న పడమటి వైపు రూట్లనే ముందు తీసుకునేలా ముఖ్యమంత్రి చేయించారని ఆపరేటర్లు కోర్టుకెళ్లారు. అప్పటి ముఖ్యమంత్రి మన అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి, నీలం సంజీవరెడ్డి. ఆ ఆరోపణను ఆయన స్వయంగా అఫిడవిట్ వేసి ఖండించలేదు కాబట్టి దాన్ని నమ్మక తప్పదని 1964లో సుప్రీంకోర్టు అంది. శిక్ష లేదు, అరెస్టు లేదు, కోర్టు తప్పుపట్టిన నాలుగు వాక్యాలు, అంతే. ఆయన ఆ ఫిబ్రవరిలోనే రాజీనామా చేసేశారు. నాలుగైదు నెలలకే కేంద్రంలో మంత్రి అయ్యారు, 1977లో రాష్ట్రపతీ అయ్యారు, కాబట్టి ఇదేదో గొప్ప త్యాగం అని నేను అనను. అయినా కోర్టు ఒక మాట అంటే కుర్చీలో కూచోలేని స్థితి ఒకటి ఉండేది. ఆయనకు ముందున్న ముఖ్యమంత్రి, కర్నూలు పక్కన పెదపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య, అవినీతి కేసులు పట్టే ఏసీబీని 1961 జనవరిలో పెట్టించారు. ఇద్దరూ మన సీమ వాళ్లే. ఉరితాళ్ల కాలం కోసం అంత దూరం వెనక్కి పోవడం ఎందుకు, అరవై ఏళ్ల కింద మన ఇంట్లోనే సిగ్గు అనేది పనిచేసిన ఉదాహరణ ఉంటే?

ఆ సిగ్గు ఎటు పోయింది అంటే, అందులో మన పాలు ఉంది. సీమలో నాయకుడంటే ఎమ్మెల్యే మాత్రమే కాదు. పోలీస్ స్టేషన్ నుంచి మనవాణ్ని విడిపించేవాడు, ఆసుపత్రిలో బెడ్డు ఇప్పించేవాడు, ఊర్లో అవతలి వర్గం నుంచి కాపాడేవాడు. ఆఫీసుల్లో మన పని మామూలుగా జరగదు కాబట్టి జరిపించేవాడు కావాలి, ఆ జరిపించేవాడికి కొంచెం భయం పుట్టించే పేరుంటేనే పని అవుతుందని మనమే నమ్ముతాం. అందుకే కేసు అతనికి మచ్చ అవ్వడం లేదు, ధైర్యానికి గుర్తు అవుతోంది. బెయిలు మీద బయటికొచ్చిన రోజు గజమాల తెచ్చేది ఎవరు? కులం వాడని, పార్టీ వాడని, మనోడని తెచ్చేది మనమే. అవతలివాడికి ఉరి, మనోడికి గజమాల. టీ కొట్టు దగ్గర పేపరు విసిరిన పెద్దాయన కూడా ఆ వార్త తన పార్టీ మనిషి గురించి అయితే అంత గట్టిగా అనేవాడా అని నాకు అనుమానం, నేను తలూపేవాణ్నా అని అంతకంటే ఎక్కువ అనుమానం.

కోపం చల్లారిపోవాలని నేను అనడం లేదు, దాన్ని సరైన చోట పెట్టాలి. ఎంపీ, ఎమ్మెల్యేల కేసుల మీద ప్రతి హైకోర్టూ తనంతట తానే నిఘా పెట్టాలని 2023 నవంబరు 9న సుప్రీంకోర్టు చెప్పింది. మన జిల్లా ప్రజాప్రతినిధుల కేసులు ఏ దశలో ఉన్నాయో, ఎన్నిసార్లు వాయిదా పడ్డాయో మన లాయర్లు, విలేకరులు నెలనెలా అడగొచ్చు, ఊరు పేరు రాసి బయటపెట్టొచ్చు. సాక్షుల రక్షణ పథకాన్ని 2018 డిసెంబరులోనే సుప్రీంకోర్టు ఆమోదించింది, సాక్షికి బెదిరింపు ఉంటే జిల్లా జడ్జి నేతృత్వంలోని కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ గొర్రెల కాపరికి ఈ సంగతి చెప్పినవాళ్లు ఎవరూ లేరు, నాకే మొన్న మొన్నటిదాకా తెలియదు. ఓటుకు ముందు అభ్యర్థి అఫిడవిట్ ఎన్నికల సంఘం సైట్లో ఉంటుంది, ఫారం 26, పది నిమిషాలు కూచుంటే చదవొచ్చు. కేసు ధర్నాదా, కబ్జాదా, ఎన్నేళ్లదీ, అన్నీ అందులో ఉంటాయి. ముందు మనోడి అఫిడవిట్ చదవాలి, అవతలివాడిది తర్వాత.

మామ కేసు వచ్చే నెల మళ్లీ వాయిదాకు ఉంది. ఈసారి నేను కూడా పోతున్నా. ఆ కవరు పాడైపోయిందని కొత్త ఫైలు ఒకటి కొన్నా, పేపర్లన్నీ తేదీల వరసలో పెట్టి ఇచ్చా. పురికొస మాత్రం మామ పారేయనివ్వలేదు, ఫైలుకు అడ్డంగా కట్టుకున్నాడు.